కిటికీకి కట్టిన గంట ఎవరి చెవిన మోగాలి?

మా ఇంట్లో ఎన్ని కిటికీలున్నాయో మావారికి తెలియదన్న సంగతి, పెళ్లైన 22 ఏళ్లకి మొన్న బయటపడింది.

మా వీధి చివర ఒకరింట్లో దొంగలు పడ్డారు. వాళ్లు పెళ్లికని ఊరెళ్లి తిరిగొచ్చేసరికి తాళం పగలగొట్టి ఉంది, బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రెండు రోజులు మా పవర్‌పేటలో ఎవరి నోట విన్నా అదే మాట. మూడో రోజు సాయంత్రం మా ఇంటికో పార్సిల్ వచ్చింది. విప్పితే ఎనిమిది జతల తెల్ల ప్లాస్టిక్ ముక్కలు.

"కిటికీలకి అలారం సెన్సర్లు. ఎవరైనా రెక్క తెరిస్తే చాలు, నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది" అన్నారు మావారు, ఏలూరంతటికీ కాపలా తానే అన్నంత ధీమాగా.

"ఎనిమిదెందుకు తెప్పించారు?"

"కిటికీలు ఎనిమిదేగా!"

మా ఇంట్లో కిటికీలు పదకొండు. వంటింట్లో పొయ్యి గట్టు మీదుగా ఉన్నదొకటి, సామాన్ల గదిలోదొకటి, దేవుడి గదిలో చిన్నదొకటి. ఈ మూడూ ఆయన లెక్కలోకి రాలేదు. పాపం ఆయన తప్పేం లేదులెండి, ఆ మూడు గదుల్లోకీ ఆయన రాకపోకలు తక్కువ. "మరి పెరటి తలుపుకో? డాబా మెట్ల మీది తలుపుకో?" అని అడిగితే సమాధానం లేదు. ఆ రెండు తలుపులకీ గడియ సరిగ్గా పడదనీ, రోజూ రాత్రి మోకాలితో నొక్కి మరీ వేస్తాననీ నాకే తెలుసు.

నవ్వుకున్నాం, అయిపోయింది. కానీ తర్వాత మా కుటుంబంలోనే మూడిళ్లలో ఈ సెన్సర్ల కథలు చూశాక, ఇది నవ్వి వదిలేసే సంగతి కాదనిపించింది. ఇంటికి అలారం పెట్టుకోవడం మంచిదే. వద్దనను. కానీ అది ఎక్కడ పెట్టాలో, ఎవరి చెవిన మోగాలో, ఎవరి చేతిలో ఆపాలో నిర్ణయించేది ఇంట్లో ఉండే మనిషి అయ్యుండాలి. మన ఇళ్లలో అది సాధారణంగా ఆడమనిషే. ఆమెని అడక్కుండా బిగించిన అలారం సగం పనే చేస్తుంది. ఒక్కోసారి అసలు పని చెడగొడుతుంది కూడా.

ముందు ఆ వస్తువు సంగతి చెప్తాను. చాలామంది అదేదో పెద్ద మాయ అనుకుంటారు. రెండు ముక్కల్లో ఒకదానిలో ఉండేది మామూలు అయస్కాంతం. రెండో దానిలో రీడ్ స్విచ్ అని ఒక చిన్న గాజు గొట్టం, అందులో రెండు సన్నటి ఇనుప రేకులు. 1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు టెలిఫోన్ల పని కోసం కనిపెట్టిన స్విచ్ ఇది. కిటికీ మూసి ఉన్నంతసేపూ అయస్కాంతం దగ్గరగా ఉండి ఆ రేకుల్ని పట్టి ఉంచుతుంది. రెక్క తెరిస్తే అయస్కాంతం దూరమవుతుంది, రేకులు విడిపోతాయి, అలారం మోగుతుంది. అంతే. మన పెరటి గేటుకి చిన్న గంట కట్టడం లాంటిదే, కాకపోతే ఆ గంట హైదరాబాదులో ఉన్నవాడి జేబులో కూడా మోగగలదు.

ఈ పని తీరు తెలిస్తే దాని లోపాలూ మనకే అర్థమవుతాయి. రెండు ముక్కల మధ్యా సందు ఒకటి రెండు సెంటీమీటర్లు దాటితే అది కిటికీ తెరిచారనే అనుకుంటుంది. మావి పాత టేకు రెక్కలు. వానాకాలంలో ఉబ్బి సరిగ్గా మూసుకోవు. పెట్టిన మొదటి వారమే ముసురు పట్టింది, అర్ధరాత్రి రెండుసార్లు మావారి ఫోన్ మోగింది. రెండుసార్లూ వెళ్లి చూసింది ఎవరో మీకు వేరే చెప్పాలా?

రెండో లోపం ఇంకా పెద్దది. ఈ సెన్సర్ కాపలా కాసేది మూసి ఉన్న కిటికీనే. మే నెలలో ఏలూరులో రాత్రిపూట కిటికీలన్నీ మూసుకుని పడుకునేవాళ్లెంతమంది? ఏసీ ఉన్న గదిలో సరే, మిగతా గదుల్లో గాలి రావద్దూ? ఇక మన కిటికీలకి ఊచలో గ్రిల్లో ఉండనే ఉంటాయి. ఊచలు కోసుకుని దూరే దొంగ కన్నా, తాళం పగలగొట్టుకుని తలుపులోంచి దర్జాగా వచ్చే దొంగే మనకి ఎక్కువ. కిటికీ దగ్గర జరిగే దొంగతనం వేరే రకం. తెరిచిన కిటికీలోంచి కర్ర పెట్టి మంచం పక్కనున్న ఫోనో, చిలక్కొయ్యకి తగిలించిన చొక్కానో, హ్యాండ్ బ్యాగో లాగేయడం. దానికి ఈ సెన్సర్ నోరు మెదపదు, ఎందుకంటే కిటికీ తెరిచింది మనమే కదా. దానికి మందు బ్యాగు కిటికీకి దూరంగా పెట్టుకోవడం ఒక్కటే.

అందుకని మా ఇంట్లో నేను చేసిందేమిటంటే, ఎనిమిదిలో ఒకటి పెరటి తలుపుకి, ఒకటి డాబా తలుపుకి, ఒకటి వీధి వైపు కొత్తగా కట్టిన గదిలో ఊచల్లేని స్లైడింగ్ కిటికీకి. ఈ మూడూ చాలు. మిగతా అయిదూ డబ్బాలో పెట్టేశాను. మావారు కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, డాబా తలుపు గడియ చూపించాక ఒప్పుకున్నారు.

ఇక రెండో ఇల్లు. తాడేపల్లిగూడెంలో మా వదినగారిల్లు. వాళ్లనడిగే రాస్తున్నాను. వాళ్లమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మాయి గది వీధి వైపుంది. ఆ రోడ్డున ఉల్లిపాయల లారీలు, మనుషుల అలికిడి ఎప్పుడూ ఉంటాయని, భద్రత కోసమని అన్నయ్యగారు ఆ కిటికీకి సెన్సర్ బిగించారు. దాని తాలూకు యాప్ ఆయన ఫోన్లో ఒక్కదానిలోనే ఉంది.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత తర్వాత ఆయన కొట్లో కూర్చుని ఉండగా ఫోన్ 'టింగ్' మన్నప్పుడల్లా ఇంటికి ఫోన్ చేయడం మొదలైంది. "కిటికీ ఎందుకు తీసింది?" "ఇప్పుడేగా మూసింది, మళ్లీ ఎందుకు తీసింది?" "రాత్రి పదకొండున్నరకి తీసుందేమిటి?" ఆయన చెడ్డవారు కాదు, కూతురంటే ప్రాణం. కానీ ఫోన్ మోగితే మనిషి ఊరుకోలేడు కదా. చివరికి ఆ పిల్ల కిటికీ తెరవడమే మానేసింది. వేసవి సెలవుల్లో నేను వెళ్లినప్పుడు చూస్తే, ఆ గది ఆవిరి కుండలా ఉంది. పుస్తకం మీద చెమట బొట్లు పడుతుంటే చున్నీతో తుడుచుకుంటూ చదువుకుంటోంది.

"కిటికీ తీసుకోవచ్చు కదే?" అన్నాను.

"దొంగ బయట లేడు, ఈ గదిలోనే ఉందన్నట్టుంది అత్తా" అంది, నవ్వుతూనే.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కిటికీకి అటు వైపు కాపలా కాయాల్సిన వస్తువు ఇటు వైపు కాపలా కాయడం మొదలెట్టింది. ఎవరూ కావాలని చేయలేదు. యాప్ ఎవరి ఫోన్లో ఉండాలన్న ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్ల జరిగింది. నేనూ వదినా కూర్చుని అన్నయ్యగారితో మాట్లాడాం. ఇప్పుడు ఆ సెన్సర్ అమ్మాయి ఫోన్లోనూ వదిన ఫోన్లోనూ మోగుతుంది. పడుకునే ముందు అమ్మాయే కిటికీ మూసి ఆన్ చేసుకుంటుంది, పొద్దున్నే ఆపుకుంటుంది. ఆయన ఫోన్లోంచి తీసేశారు. రెండు రోజులు ఆయనకి తోచలేదట. మూడో రోజు నుంచి ప్రశాంతంగా ఉందట, బేరాలు చూసుకోవడానికి తీరిక దొరికిందట!

మూడో ఇల్లు మా పుట్టిల్లు. కైకలూరు దాటి లోపలికి వెళ్తే కొల్లేటి లంకల్లో ఒక ఊరు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. మా ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే సన్నటి గట్టు, గట్టు దిగితే చేపల చెరువు. రాత్రయితే చెరువుల మీద మోటార్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. హైదరాబాదులో ఉండే మా తమ్ముడికి అమ్మ గురించి బెంగ. నిరుడు సంక్రాంతికి వచ్చినప్పుడు కిటికీలకీ పెరటి తలుపుకీ సెన్సర్లు పెట్టి, వైఫై కూడా పెట్టించి వెళ్లాడు. వాటికి సైరన్ ఉంది. ఇంతంత చిన్న డబ్బాలోంచి 90 డెసిబెల్స్ దాటి కూత పెడుతుంది. ఆ కూతకి అమ్మ గుండె దడదడలాడుతుందని, వాడు సైరన్ ఆపేసి, మెసేజ్ మాత్రం తన ఫోన్‌కి వచ్చేలా పెట్టుకున్నాడు. ప్రేమతో చేసిన పనే.

ఈ ఎండాకాలం మా మరదలు పిల్లాడిని తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చింది. వాడికి రెండున్నరేళ్లు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ నడుం వాల్చింది, మరదలు పిల్లాడిని నిద్రపుచ్చి స్నానానికి వెళ్లింది. వాడు నిద్ర లేచాడు. పెరటి తలుపుకి కింది గడియ ఒక్కటే వేసుంది. తీశాడు.

సెన్సర్ తన పని తాను చేసింది. హైదరాబాదులో తమ్ముడి ఫోన్ మోగింది. వాడు వెంటనే చూశాడు కూడా. అమ్మకి ఫోన్ చేస్తే ఫోన్ వసారాలో ఛార్జింగులో ఉంది, అమ్మ లోపలి గదిలో నిద్రలో ఉంది. పెళ్లానికి చేస్తే ఆమె స్నానాల గదిలో ఉంది. మళ్లీ అమ్మకి, మళ్లీ ఆమెకి. పెరట్లో ఏం జరుగుతోందో వాడికి తెలుసు. ఇంట్లో ఉన్న ఇద్దరికీ తెలియదు. వాడు ఏమీ చేయలేడు.

పక్కింటి పిన్ని పంపు దగ్గర బట్టలు ఉతుకుతూ తలెత్తి చూసింది. పిల్లాడు గట్టు మీద గొంతుక్కూర్చుని చెప్పు ఒకటి నీళ్లలోకి విసిరి, రెండోది విప్పుకుంటున్నాడు. ఆవిడ పరుగెత్తుకెళ్లి చంకనేసుకుని తీసుకొచ్చింది. అంతా కలిపి అయిదారు నిమిషాలు.

ఆ రాత్రి తమ్ముడు బస్సెక్కి వచ్చేశాడు. అమ్మ వాణ్ణి ఒక్క మాటా అనలేదు. తెల్లారి కాఫీ ఇస్తూ ఒక్కటే అడిగింది. "దాని నోరెందుకు నొక్కావురా? నా గుండె దడ నేను చూసుకునేదాన్ని కదా."

నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలో ఉంది.

అమ్మని ముందే అడిగి ఉంటే ఇంకోటి కూడా చెప్పేది. ఆ ఊళ్లో కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే హైదరాబాదుకి కబురు వెళ్లదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు, ఆ నీళ్లన్నీ వచ్చి చేరింది మా కొల్లేటిలోకే. రోడ్లు మునిగి, లంక ఊళ్లకి రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు దూరాన ఉన్న ఫోన్‌ని నమ్ముకున్న అలారం మూగదే. ఇంట్లోనే అరిచే సైరన్‌కి మాత్రం కరెంటూ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు, లోపల చిన్న బ్యాటరీ ఉంటే చాలు.

ఇవన్నీ ఆలోచిస్తుంటే ఎప్పుడో చదివిన ఒకావిడ గుర్తొచ్చింది. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతంలో ఉండే నల్లజాతి నర్సు. ఆవిడ డ్యూటీ వేళలూ, భర్త డ్యూటీ వేళలూ కలిసేవి కావు. ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వచ్చేది, పోలీసులకి ఫోన్ చేస్తే త్వరగా వచ్చేవారు కాదు. ఆవిడ ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోలేదు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి తనే ఒక ఏర్పాటు ఆలోచించింది. వీధి తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో చూసే రంధ్రాలు, వాటి వెనక కెమెరా, పడకగదిలో టీవీ తెర, బయటివాళ్లతో మాట్లాడే మైకు, లోపలినుంచే తలుపు తీసే మీట, ఆపద వస్తే నొక్కే అలారం బటన్. 1966లో దరఖాస్తు పెడితే 1969 డిసెంబరులో పేటెంట్ వచ్చింది. ఇవాళ ఇళ్లకి పెట్టుకునే కెమెరాల వ్యవస్థకి అది తొలి రూపమని చెబుతారు.

ఆవిడ ఏర్పాటులో బటన్ ఎక్కడుందో చూశారా? ఇంట్లో ఒంటరిగా ఉండే ఆవిడ చేతికి అందేచోట, ఆవిడ గదిలోనే. అరవై ఏళ్ల కిందట ఒక నర్సుకి తోచిన ఆ చిన్న సంగతి, ఇప్పుడు మనింటికి యాప్‌లు తెచ్చిపెట్టే మగవాళ్లకి తోచడం లేదు. ఎందుకంటే ఆ ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి ఒంటరిగా ఉండేది వాళ్లు కాదు.

మీలో కొందరు అనొచ్చు, "ఇంట్లో మనుషులే లేనప్పుడో?" అని. నిజమే, అది వేరే సంగతి. ఖాళీ ఇంట్లో సైరన్ ఎంత అరిచినా ఇంట్లోవాళ్లు వినేది లేదు. దానికి మన ఆంధ్రా పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక ఏర్పాటు తెచ్చారు, తాళం వేసిన ఇళ్ల మీద నిఘా. ఊరెళ్లే ముందు యాప్‌లో చెబితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, ఎవరైనా లోపల కదిలితే పోలీసు కంట్రోల్ రూముకి కబురు వెళ్తుంది. దీనికి డబ్బు తీసుకోరు. పండక్కో పెళ్లికో వెళ్లేముందు మీ స్టేషన్లో ఒకసారి అడగండి. అక్కడ కూడా చూడండి, కబురు వెళ్లేది వెంటనే రాగలిగిన వాళ్లకే. ఇంట్లో మనుషులున్నప్పుడు వెంటనే రాగలిగిన వాళ్లు ఇంట్లోవాళ్లూ, పక్కింటివాళ్లూ. 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొడుకు కాదు, కొట్లో కూర్చున్న మొగుడూ కాదు.

ఇంకొందరు "ఈ గోలంతా మనకెందుకు, ఊచలున్నాయి, కుక్క ఉంది" అంటారు. దొంగల మాటకైతే సగం ఒప్పుకుంటాను. కానీ చెరువులూ కాలవలూ పక్కనే ఉన్న మన వైపు, చిన్నపిల్లలున్న ఇళ్లలో, మతిమరుపుతో రాత్రిళ్లు గడప దాటి వెళ్లిపోయే పెద్దవాళ్లున్న ఇళ్లలో, తలుపు తెరిచిన చప్పుడు వినపడటం ప్రాణాలకి సంబంధించిన విషయం. దొంగ భయంతో కొన్న వస్తువు మా ఇంట్లో అసలు అవసరపడింది పిల్లాడికే. సైరన్ అంటే భయమైతే చాలా వాటిలో కాలింగ్ బెల్లులా మెల్లగా 'టింగ్' మనే ఏర్పాటు కూడా ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో చూసుకోండి. కొన్నాక దసరా ఆయుధపూజకొకసారి, ఉగాదికొకసారి బ్యాటరీలు మార్చుకోండి. పండగ పేరుతో అయితే మర్చిపోం.

మావారి లాంటి వాళ్లకి నేను చెప్పేదొక్కటే. మీ బెంగ మాకు తెలుసు, దాన్ని తక్కువ చేయడం లేదు. సెన్సర్లు తెప్పించే ముందు ఒక కాగితం, పెన్నూ తీసుకుని ఇంట్లో ఆవిడతో ఇల్లంతా ఒకసారి తిరగండి. ఏ గడియ వదులో, ఏ కిటికీ రాత్రిపూట తెరిచి ఉంటుందో, తను ఏ వేళప్పుడు ఒంటరిగా ఉంటుందో ఆవిడ చెబుతుంది. కూత ముందు ఇంట్లో మోగనివ్వండి. మెసేజ్ ముందు ఆవిడ ఫోన్‌కి రానివ్వండి, తర్వాత తాళంచెవి ఇచ్చి నమ్మగలిగిన పక్కింటావిడకి, ఆ తర్వాత మీకు. ఆపడం, పెట్టడం ఆవిడ చేతిలో ఉంచండి. ఆపదైతే 112కి చేయడం ఆవిడకీ తెలుసు.

డబ్బాలో మిగిలిన అయిదింటిలో రెండు అమ్మకి పంపాను. ఒకటి పెరటి తలుపుకి పై వైపున, ఒకటి గట్టు మీదికి వెళ్లే చిన్న గేటుకి. రెండూ గట్టిగా కూసేలాగే పెట్టించుకుంది. మొదటి రోజు ఉలిక్కిపడిందట. ఇప్పుడు కూత వినపడితే "ఎవర్రా అది?" అని లేస్తోందట. పక్కింటి పిన్ని కూడా ఆ కూతకే తలెత్తి చూస్తోందట.

మీరూ ఒక పని చేయండి. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర, మనింట్లో కిటికీలు ఎన్ని అని మీవారిని అడిగి చూడండి. ఏం చెప్పారో నాకు రాయండి, నవ్వుకుందాం. ఆ తర్వాత ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి.